సగం దగ్గర ఆగిపోయిన ముల్లు

మా కారులో పెట్రోలు ముల్లు దాదాపు ఏడాది పాటు సగం దగ్గరే ఉండిపోయింది. ట్యాంకు నిండా పోయించినా సగమే, అడుగంటినా సగమే. తాళం తిప్పగానే కింద నుంచి లేచి, ఠంచనుగా సగం గీత మీదకొచ్చి నిలబడేది. చుట్టాలెవరైనా ముందు సీట్లో కూర్చుంటే "ఫర్వాలేదే, పెట్రోలు బానే ఉంది" అనేవారు. నేను నవ్వి ఊరుకునేదాన్ని. కొంతమంది ఉంటారు చూడండి, ఎప్పుడడిగినా "బానే ఉన్నాను" అంటారు, ఒళ్ళు కాలిపోతున్నా అదే మాట. ఆ జాతి ముల్లన్నమాట. అలాంటి మనిషి కూడా మా ఇంట్లోనే ఉన్నారు, ఆవిడ సంగతి తర్వాత చెప్తాను.

కారు 2009లో మా మావయ్యగారు రిటైరయినప్పుడు కొన్నది. చిన్న కారే. నాకు నలభై దాటాక డ్రైవింగ్ నేర్పింది కూడా ఆయనే, ఈ కారు మీదే. ఆయన పోయి నాలుగేళ్ళయింది. 2024లో కారుకి పదిహేనేళ్ళు నిండాయి. సొంత కార్లకి ఆర్సీ పదిహేనేళ్ళే, ఆ తర్వాత బండి ఫిట్‌గా ఉందని చూపించి, 5,000 రూపాయలు ఫీజు కట్టి మరో అయిదేళ్ళకి పొడిగించుకోవాలి. "ఆ డబ్బు కట్టే బదులు అమ్మేద్దాం" అన్నారు మావారు. పాత కార్లు కొనే అతను వచ్చి చుట్టూ తిరిగి చూసి చెప్పిన ధర వింటే, ఆ డబ్బుకి మంచి ఫ్రిజ్ కూడా రాదు. అత్తయ్యగారు ఆ వేళ గుమ్మంలో కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్నారు. అమ్మమనీ అనలేదు, వద్దనీ అనలేదు. కాయలు మాత్రం ఈనెతో పాటు సగం గిల్లేసి పారేస్తున్నారు. మావారు అది చూసి, మర్నాడే ఆర్సీ పనికి బయల్దేరారు.

కారు ఉండి తీరాల్సిన అవసరం ఇంకోటి ఉంది. అత్తయ్యగారికి డయాలసిస్. మేముండేది తెనాలి, ఆవిణ్ణి మొదట్నుంచీ చూస్తున్న కిడ్నీ డాక్టరుగారు గుంటూరులో. మంగళవారం ఒకసారి, శుక్రవారం ఒకసారి. మంచం మీద నాలుగు గంటలు, ముందూ వెనకా మరో గంట. పోను పాతిక కిలోమీటర్లు, రాను పాతిక, ఊళ్ళో తిరుగుళ్ళు కలిపితే వారానికి 110 కిలోమీటర్ల పైనే. మొదట్లో ఆటోలో, బస్సులో ప్రయత్నించాం. డయాలసిస్ అయ్యాక బీపీ పడిపోయి, మనిషి పిండేసిన బట్టలా అయిపోతుంది. ఆ స్థితిలో బస్టాండులో నిలబెట్టడం నా వల్ల కాలేదు. మావారిది విజయవాడలో ఉద్యోగం, షిఫ్టులు. కాబట్టి డ్రైవరూ నేనే, అటెండరూ నేనే.

ఆ ముల్లు అబద్ధమాడుతోందని తెలిసింది కూడా అలాంటి ఓ శుక్రవారమే. తిరుగు ప్రయాణంలో, అంగలకుదురు ఇంకా రాకుండానే, కారు రెండు కుదుపులు కుదిపి ఆగిపోయింది. ముల్లు చూస్తే సగం దగ్గర నిక్షేపంగా ఉంది. పొద్దున కూడా అక్కడే ఉంది కదా అని అప్పుడు తట్టింది నాకు. సాయంత్రం ఆరు దాటింది. అత్తయ్యగారు వెనక సీట్లో పడుకుని కళ్ళు మూసుకునే "ఏమైందమ్మా" అన్నారు. "ఏం లేదత్తయ్యా, కాస్త వేడెక్కినట్టుంది" అన్నాను. ఇంతలో బైకు మీద పోతున్న ఓ కుర్రాడు ఆగాడు. తాళం తిప్పించి విన్నాడు. "స్టార్టరు తిరుగుతోంది ఆంటీ, పెట్రోలే అందట్లేదు" అన్నాడు. ముల్లు చూపించాను. "దాన్ని నమ్మకండి" అని, తన బైకు పైపు లాగి నీళ్ళ సీసాలోకి ముప్పావు లీటరు దాకా పట్టి మా ట్యాంకులో పోశాడు. నాలుగోసారికి బండి స్టార్టయింది. డబ్బులిస్తే తీసుకోలేదు. లోపల ఎవరో పెద్దావిడ పడుకుని ఉన్నారని చూశాడు గానీ ఏంటని అడగను కూడా లేదు. ఆ కుర్రాడి తల్లి ఎవరో గానీ బాగా పెంచింది.

మర్నాడు మా వీధి చివరి మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళాను. పెద్దాయన, నెమ్మదిగా చెప్తాడు. ఆయన దగ్గర నేర్చుకున్నది మీకూ చెప్తాను. బండి నడిపే ఆడవాళ్ళకి ఇది మన సంగతి కాదులే అని ఎవరూ చెప్పరు, మనమూ అడగం.

ట్యాంకులో ఒక సన్నటి కడ్డీ, దాని చివర ఒక తేలే ముక్క ఉంటాయి. మన డాబా మీద నీళ్ళ ట్యాంకులో బంతి తేలుతూ ఉంటుంది చూడండి, అలాంటిదే. పెట్రోలు పెరిగితే పైకి లేస్తుంది, తగ్గితే దిగుతుంది. ఆ కడ్డీ రెండో కొస ఒక పట్టీ మీద రాసుకుంటూ కదులుతుంది. ఆ పట్టీ మీద ఎక్కడ ఆనిందన్నదాన్ని బట్టి కరెంటు ఎక్కువో తక్కువో పోతుంది, దాన్ని బట్టి ముందు ముల్లు లేస్తుంది. పాత రేడియోలో సౌండు గుండ్రన గుర్తుందా? తిప్పగా తిప్పగా అరిగిపోయి, ఒకచోట గరగరమని, ఒకచోట ఉన్నట్టుండి మూగబోయేది. ఇదీ అదే రకం వస్తువు, అదే రకం జబ్బు. కాకపోతే ఇది ఏళ్ళ తరబడి పెట్రోల్లో మునిగి ఉంటుంది.

జబ్బులు కూడా రకరకాలట. తేలే ముక్కకి చిల్లిపడి పెట్రోలు లోపలికెళితే అది మునిగిపోతుంది, అప్పుడు ట్యాంకు నిండా ఉన్నా ముల్లు ఖాళీ అంటుంది. పట్టీ అరిగితే ఆ అరిగినచోట ముల్లు గంతులేస్తుంది. కారు బాడీకి కలిపే వైరు తుప్పు పడితే గతుకుల్లో ఒకటి, మంచి రోడ్డు మీద ఒకటి చూపిస్తుంది. ఇంజను వేడి చూపించే ముల్లు, పెట్రోలు ముల్లు రెండూ కలిసి పడుకుంటే అది ఫ్యూజు కావచ్చు, ముందు చవగ్గా తేలే పని అదే కనుక అదే చూడమన్నాడు. మాకు వేడి ముల్లు బాగానే పనిచేస్తోంది. ఆయన తలుపులన్నీ తీయించి, వెనక సీటు ఎత్తి, కింద ఉన్న మూత తీసి వైరు ఊడదీశాడు. ముల్లు అడుక్కి పడిపోయింది. ఆ వైరుని కాసేపు బాడీకి తాకించాడు. ముల్లు నిండుకి లేచింది. "మీటరు మంచిదే, వైరూ మంచిదే. లోపల కడ్డీయే బిగుసుకుంది" అన్నాడు. (అన్ని కార్లకీ ఇదే వరస కాదట, కొన్నిట్లో తలకిందులుగా ఉంటుంది. మీరు మాత్రం ఇంట్లో సీటెత్తి ఈ పరీక్షలు చెయ్యకండి. అక్కడుండేది పెట్రోలు ఆవిరి. ఆయన చుట్టుపక్కల ఎవరినీ ఫోను కూడా తీయనివ్వలేదు.)

ఎర్ర లైటు సంగతేంటని అడిగాను. పెట్రోలు అయిపోవస్తే వెలగాలి కదా. మా కారులో ఆ లైటు కూడా ఆ కడ్డీ మాటే వింటుందట. కడ్డీ సగం అంటే లైటుకీ సగమే. మేనేజరు అబద్ధం చెప్తే గుమస్తా మాత్రం ఏం చేస్తాడు!

కొత్తది వేయించుకుందామంటే, ఆ కడ్డీ విడిగా రాదు, పెట్రోలు పంపుతో కలిపి ఒకే దిమ్మ. కొత్త దిమ్మ ఏడు వేలు పైమాట. అదీ పాత మోడలు గనక ఆర్డరు పెట్టి ఎదురు చూడాలి. విజయవాడ ఆటోనగర్‌లో పాత బండ్లు విప్పే షాపుల్లో దొరికితే రెండు వేల లోపు అయిపోతుంది, చూస్తూ ఉంటానన్నాడు. అప్పటికి తుడిచి, కదిపి పెట్టాడు. పది రోజులు బుద్ధిగా తిరిగింది ముల్లు. పదకొండో రోజు మళ్ళీ సగం దగ్గరకొచ్చి కూర్చుంది.

మావారు ఆ రోజు కాస్త గట్టిగానే మాట్లాడారు. "ఎంత పెట్రోలుందో తెలియకుండా అమ్మని అంత దూరం ఎలా తీసుకెళ్తావ్? అమ్మేసి ట్యాక్సీ మాట్లాడదాం." ట్యాక్సీ అతను రానూపోనూ, అయిదు గంటల వెయిటింగుతో చెప్పిన రేటుని వారానికి రెండు, నెలకి ఎనిమిదితో గుణించి ఆయన ముందు పెట్టాను. మాట్లాడలేదు. నాకు మాత్రం మొదట్నుంచీ ఒకటే అనిపించింది. ముల్లు లేని వస్తువుతో బతకడం మనకేమైనా కొత్తా? పాతికేళ్ళుగా గ్యాసు సిలిండరు వాడుతున్నాం. 14.2 కిలోల గ్యాసు, ఎంతుందో చెప్పే ముల్లు ఏదీ లేదు. తడిగుడ్డతో సిలిండరు తుడిస్తే గ్యాసు ఉన్నంత మేరా తడి ఆలస్యంగా ఆరుతుంది, ఆ గీతే మనకి లెక్క. అదీ కాకపోతే పెట్టిన తేదీ క్యాలెండరు మీద రాసుకుంటాం. మా ఇంట్లో ముప్ఫై ఎనిమిది రోజులు, చుట్టాలొస్తే ముప్ఫై. బియ్యం డబ్బాలో సోల ఎంత లోతుకి దిగిందో చెయ్యే చెప్తుంది. మా నాన్నగారి చేతక్ స్కూటరుకి పెట్రోలు ముల్లే లేదు. నడుస్తూ నడుస్తూ ఆగిపోతే కాళ్ళ దగ్గరున్న కొళాయిని రిజర్వుకి తిప్పేవారు. అదీ అయిపోతే స్కూటరుని ఒక పక్కకి ఒరగబెట్టి, మా అందర్నీ దిగి నిలబడమని, మళ్ళీ తన్నేవారు. అయినా ఆయన మమ్మల్ని ఏ పెళ్ళికీ ఆలస్యంగా తీసుకెళ్ళలేదు.

అందుకని ఒక నోటుపుస్తకం తీశాను. మా అమ్మాయి వాడగా మిగిలిన లెక్కల పుస్తకం, సగం పేజీలు ఖాళీ.

పద్ధతి చాలా సులువు. ముందు ట్యాంకు నిండా పోయించాలి. గొట్టం చివరికి పెట్రోలు తగలగానే తుపాకీ దానంతటదే టక్కుమని ఆగుతుంది. ఆ మొదటి టక్కు దగ్గరే ఆపెయ్యాలి. రౌండు ఫిగరు చేస్తానని బంకు కుర్రాడు ఇంకో రెండు నొక్కులు నొక్కుతాడు, నొక్కనివ్వకూడదు. అప్పుడు మొత్తం కిలోమీటర్ల అంకె రాసుకోవాలి. సున్నా చేసుకునే చిన్న మీటరుంటుంది గానీ, దాన్ని పిల్లలు నొక్కేస్తారు, మనం కూడా గుడ్డతో తుడుస్తూ నొక్కేస్తాం. పెద్ద అంకె ఎవరూ చెరపలేరు. కొన్నాళ్ళు తిరిగాక మళ్ళీ అదే బంకులో, మొదటి టక్కు దాకా నింపాలి. ఎన్ని లీటర్లు పట్టిందో అన్ని లీటర్లూ మనం తాగించినవే. తిరిగిన కిలోమీటర్లని ఆ లీటర్లతో భాగిస్తే మైలేజీ.

మొదటిసారి 218 కిలోమీటర్లకి 15.1 లీటర్లు పట్టింది. లీటరుకి 14.4. రెండోసారి 231కి 15.6, అంటే 14.8. వేసవిలో అత్తయ్యగారి కోసం ఏసీ ఆపకుండా నడిపితే 196 కిలోమీటర్లకి 14.9 లీటర్లు తాగింది, 13 చిల్లర. మావయ్యగారు ఉన్నప్పుడు 17 ఇచ్చేదని మావారు ఇప్పటికీ అంటారు. ఇంజను అప్పటిది కాదు, పెట్రోలూ అప్పటిది కాదు. ఇప్పుడు బంకుల్లో పోసేదాంట్లో 20 శాతం ఇథనాలు. ఇథనాల్లో సత్తువ పెట్రోలు కన్నా మూడో వంతు తక్కువ, కాబట్టి పాత లెక్కలతో నడపకూడదు. నేను అన్నిటికన్నా తక్కువ అంకె, 13నే పట్టుకున్నాను. మా ట్యాంకు 35 లీటర్లు. అడుగు పది లీటర్లు లేవనే అనుకుంటాను. పెట్రోలు పంపు ట్యాంకులోనే మునిగి ఉంటుంది, దాన్ని చల్లగా ఉంచేది కూడా ఆ పెట్రోలే, అడుగంటేదాకా నడిపితే పంపు పాడవుతుందని మెకానిక్ చెప్పాడు. మిగిలిన 25 లీటర్లకి 325 కిలోమీటర్లు రావాలి. నేను 200 దాటగానే బంకుకి వెళ్ళిపోతాను. ఇంటికి ఎవరొస్తారో తెలియని రోజుల్లో ఓ గిద్దెడు బియ్యం ఎక్కువే పోస్తాం కదా.

ఈ పద్ధతికి ఒకే ఒక్క శత్రువు మావారు. ఆదివారం బండి తీసుకెళ్తారు, దార్లో 500 పెట్టి పోయిస్తారు, చెప్పరు. లీటరు 109 రూపాయల పైన ఉన్నప్పుడు మన దగ్గర 500కి నాలుగున్నర లీటర్లు వచ్చేవి. అది రాయకపోతే నా లెక్క తప్పుతుంది. "పోయించడం మంచిదే కదా, నష్టమేముంది?" అంటారు. నష్టం లేదండీ, కానీ తర్వాత నింపినప్పుడు మైలేజీ 19 వచ్చినట్టు కనిపిస్తుంది, దాన్ని నమ్మామా, రోడ్డు మీద నిలబడతాం. పుస్తకాన్ని డ్యాష్‌బోర్డు అరలో, పెన్నుని దారంతో కట్టి పెట్టాను. ఎవరు పోయిస్తే వాళ్ళే రాయాలి. మా అమ్మాయికి ఇంకా డ్రైవింగ్ రాకపోయినా ఈ రూలు ఠక్కున వచ్చేసింది, వాళ్ళ నాన్నకే రాలేదు.

ఇప్పుడు అత్తయ్యగారి సంగతి. "ఎలా ఉందత్తయ్యా?" అంటే "బానే ఉందమ్మా". ఆయాసంగా ఉందా అంటే లేదు. కాళ్ళ వాపులున్నాయా అంటే లేవు, చీర కుచ్చిళ్ళు కాళ్ళ మీదికి లాగేసుకుంటారు. ఆవిడ ఉద్దేశం నాకు తెలుసు. నాకు పని పెరుగుతుందని, కొడుకు సెలవు పెట్టాల్సొస్తుందని. కానీ కిడ్నీలు పనిచేయనివాళ్ళకి తాగిన నీళ్ళు బయటికి పోయే దారి సరిగా ఉండదు, డయాలసిస్సే దారి. ఈ లోపల ఒంట్లో చేరినదంతా బరువు రూపంలోనే కనిపిస్తుంది. కిలో బరువు పెరిగిందంటే ఇంచుమించు లీటరు నీరు చేరినట్టు. నీళ్ళన్నీ తీసేశాక ఉండాల్సిన బరువు ఆవిడకి 52 అని డాక్టరుగారు పెట్టారు. రోజుకి ఎంత తాగొచ్చో కూడా ఆవిడ ఒంటిని బట్టి ఆయనే చెప్పారు (ఇది ఒక్కొక్కరికీ ఒక్కోలా ఉంటుంది, మా లెక్క మీరు పట్టుకోకండి).

కాబట్టి అదే పుస్తకంలో, కుడి పేజీ ఆవిడకి ఇచ్చాను. పొద్దున్నే పళ్ళు తోముకున్నాక, కాఫీకి ముందు, మిషను మీద నిలబడాలి. ఎడమ పేజీలో కిలోమీటర్లు, కుడి పేజీలో కిలోలు. రోజూ రాత్రి పుస్తకం కారులోంచి ఇంట్లోకి వస్తుంది, బయల్దేరేటప్పుడు మళ్ళీ కారులోకి. ఆవిడకి ఇది మొదట్లో అస్సలు నచ్చలేదు. "నన్ను బస్తాలా తూకం వేస్తోంది మీ కోడలు" అని పక్కింటి పిన్నిగారితో అన్నారట, ఆవిడ నాతో అన్నారు. నేనేమీ మాట్లాడలేదు. మిషను మాత్రం రోజూ గచ్చు మీద అదే చోట పెట్టాను.

మొన్న ఏప్రిల్లో, ఒక సోమవారం. శుక్రవారం డయాలసిస్ అయ్యాక మంగళవారం దాకా మధ్యలో మూడు రోజుల ఖాళీ, వారం మొత్తం మీద ఆ సోమవారమే నాకు గుబులు. పొద్దున బరువు 54.9. గుంటూరు ఫోన్ చేస్తే, రేపు మొదటి షిఫ్టుకే తీసుకొచ్చేయండి అన్నారు నర్సు. రాత్రి పదకొండున్నరకి మెలకువ వచ్చి చూస్తే అత్తయ్యగారు మంచం మీద కూర్చుని ఉన్నారు. పడుకుంటే ఊపిరాడట్లేదు. అప్పుడు కూడా "బానే ఉంది, నువ్వు పడుకో" అన్నారు, రెండు మాటలకి మధ్య ఊపిరి తీసుకుంటూ. చెయ్యి పట్టుకుని మిషను మీద నిలబెట్టాను. 55.8.

మావారు విజయవాడలో నైట్ డ్యూటీ. ఆస్పత్రికి ఫోన్ చేసి ఆయాసమన్నాను. అవతలి డాక్టరు అడిగిన మొదటి ప్రశ్న, "బరువెంత?". చెప్పాను. "ఉండాల్సింది?" చెప్పాను. "దాదాపు నాలుగు కిలోలు ఎక్కువ. వెంటనే బయల్దేరండి, కూర్చోబెట్టే తీసుకురండి, నేను మిషను సిద్ధం చేయిస్తాను" అన్నాడు. అమ్మాయి వాళ్ళ నానమ్మని పట్టుకుని ముందు సీట్లో కూర్చోబెట్టింది. నేను తాళం తిప్పాను. ముల్లు లేచి, సగం దగ్గర నిలబడింది.

దాన్ని నేను చూడలేదు. పుస్తకం తెరిచాను. నింపి 163 కిలోమీటర్లయింది. పదమూడుతో భాగిస్తే పన్నెండున్నర లీటర్లు ఖర్చు. ఇంకా 22 ఉన్నాయి. గుంటూరుకి రెండు లీటర్లు చాలు. అర్ధరాత్రి ఏ బంకు తెరిచి ఉందో వెతకాల్సిన పని లేదు, ఆగాల్సిన పని లేదు. అన్ని అద్దాలూ దింపి ఇరవై ఏడు నిమిషాల్లో ఆస్పత్రి ముందు ఆపాను. నేనెప్పుడూ అంత వేగంగా నడపలేదు, ఇక నడపను కూడా. దారంతా అమ్మాయి వెనక నుంచి వాళ్ళ నానమ్మ భుజాలు పట్టుకుని, "ఇంకో పది కిలోమీటర్లు, ఇంకో ఏడు" అని లెక్క చెప్తూనే ఉంది.

ఒంటిగంటలోపు మిషను మీద పెట్టారు. తెల్లవారేసరికి ఆయాసం తగ్గి, ఇడ్లీ అడిగారు. మావారు మొదటి బండికి విజయవాడ నుంచి వచ్చేసరికి తల్లీ కూతురూ మేమిద్దరం వరండాలో కుర్చీల్లో నిద్రపోతున్నాం.

రెండు రోజులయ్యాక అసలు సంగతి బయటపడింది. ఆదివారం పక్కింటి పిన్నిగారింట్లో పుచ్చకాయ కోశారట. "నీళ్ళు కాదు కదమ్మా, పండే కదా అనుకున్నాను. నాలుగు ముక్కలు తిన్నాను. ఎండ మండిపోతోంది, నోరు పిడచకట్టుకుపోయింది." పుచ్చకాయంటే ముప్పాతిక మూడొంతులు నీళ్ళే, పైగా అందులో పొటాషియం ఉంటుంది, అది కిడ్నీ రోగులకి ఇంకో తలనొప్పి. కానీ దాహంతో ఉన్న మనిషిని పుచ్చకాయ తిన్నందుకు ఏమంటాం? నేను ఫ్రిజ్‌లో చిన్న గిన్నెలో నిమ్మరసం చుక్క వేసిన ఐసు ముక్కలు పెట్టాను. ఒక ముక్క నోట్లో పెట్టుకుంటే అరగంట దాహం ఆగుతుంది, లెక్కకి రెండు చెంచాల నీళ్ళే. రోజుకి ఎన్ని ముక్కలో అదీ పుస్తకంలోకి ఎక్కింది.

జూన్లో మెకానిక్ ఫోన్ చేశాడు. ఆటోనగర్‌లో మా మోడలుదే ఒక దిమ్మ దొరికిందట, 1,800, బిగించినందుకు 600. ఉదయం ఇచ్చి సాయంత్రం తెచ్చుకున్నాను. పాత కడ్డీ చేతికిచ్చి చూపించాడు. కీలు దగ్గర ఎర్రగా తుప్పు, వేలితో నెట్టినా కదలట్లేదు, సరిగ్గా సగం దగ్గర. అంత చిన్న ముక్క! మావయ్యగారి టేబులు సొరుగులో పెట్టాను, ఎందుకో పారేయబుద్ధి కాలేదు.

ఇప్పుడు ముల్లు బాగా పనిచేస్తోంది. నింపితే నిండుకెళ్తుంది, రోజూ కొంచెం కొంచెం దిగుతుంది. మావారు వారం రోజులు దాన్నే చూసుకుని మురిశారు. ఇక ఆ పుస్తకం ఎందుకన్నారు. సెకండ్ హ్యాండ్ కడ్డీ కదండీ, ఇది కూడా ఏదో బండిలో పదేళ్ళు మునిగి వచ్చిందే అన్నాను. పుస్తకం తీయలేదు. ఎడమ పేజీ అంకె, ముల్లు, రెండూ ఒకే మాట చెప్తున్నాయా లేదా అని నింపినప్పుడల్లా చూస్తున్నాను. ఇప్పటికి చెప్తున్నాయి.

నిన్న బంకు దగ్గర పుస్తకం తీస్తే ఎడమ పేజీలో కొత్త రాత కనిపించింది. "ఆదివారం, 500, నాలుగున్నర లీ." మావారి కోడికాళ్ళ రాత. కుడి పేజీలో బరువు కింద ఇంకో రాత, పెద్ద పెద్ద అక్షరాలు, పాత బడి పద్ధతిలో. "ఐసు ముక్కలు 5. కాఫీ అరగ్లాసు. కాళ్ళు కొంచెం వాచినవి."

బంకు కుర్రాడు "ఫుల్లా మేడమ్?" అన్నాడు.

"ఫుల్లే. మొదటి టక్కు దగ్గర ఆపెయ్" అన్నాను.